మీ ప్రశ్నలు: ఎర్రనక్క అరుపులు, దూకుళ్లు, దొంగతనాలు

గత సంచికలో ఎర్రనక్క ఫొటో ఒకటి వేసి కింద రెండే రెండు లైన్లు రాశాం. అంతే, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా దాని మీదే. లండన్ నుంచి, మెల్‌బోర్న్ నుంచి, నంద్యాల నుంచి, లద్దాఖ్ వెళ్లొచ్చిన బైకర్ల నుంచి కూడా. అన్నీ వేయలేం కాబట్టి ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను. చాలామంది "జిత్తులమారి" అనే మాటతోనే మొదలుపెట్టారు. నన్నడిగితే దాని జిత్తుల కన్నా దాని చెవుల గురించి మాట్లాడుకోవడం మేలు, ఎందుకో కిందకు వెళ్లేకొద్దీ మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మేం లండన్ శివారు హౌన్‌స్లోలో ఉంటాం. జనవరి మొదలైనప్పటి నుంచి రాత్రి రెండింటికీ మూడింటికీ ఎవరో ఆడమనిషి గొంతు పిసుకుతున్నట్టు కేకలు. మావారు ఒక రాత్రి పోలీసులకు ఫోన్ చేసేవారే, నేనే ఆపాను. పొద్దున పక్కింటి పెద్దాయన్ని అడిగితే నవ్వి "ఫాక్స్" అన్నాడు. నిజంగా నక్కేనా? మా గార్డెన్‌లో షెడ్ కింద కొత్తగా తవ్విన గొయ్యి కూడా కనిపిస్తోంది, చిన్నపిల్లలున్న ఇల్లు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: నక్కేనమ్మా, పెద్దాయన చెప్పింది నిజమే. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అవి జతకట్టే కాలం. ఆ చావుకేక ఎక్కువగా ఆడనక్కది, ఫలానా చోట ఉన్నానని మగవాటికి పంపే కబురు. మగవీ అరుస్తాయి గానీ వాటివి ఎక్కువగా వరసగా మూడు నాలుగు పొట్టి మొరుగుళ్లు. ఏడాది మొత్తంలో ఆడనక్క గర్భం దాల్చగలిగేది సుమారు మూడు రోజులే, ఆ మూడు రోజులూ తప్పిపోతే మళ్లీ వచ్చే శీతాకాలం దాకా లేదు, అందుకే అంత గోల, మగది దాన్ని వదలకుండా వెంట తిరగడం, మధ్యలో ఇంకో మగది వస్తే కొట్లాటలు, మీ నిద్ర పాడవడం. ఫిబ్రవరి దాటితే చాలావరకు సద్దుమణుగుతుంది.

ఇక షెడ్ కింద గొయ్యి. కడుపుతో ఉండేది 52 రోజులు అటూ ఇటూ, అంటే మార్చిలో ఈనుతుంది, సాధారణంగా నాలుగైదు పిల్లలు. పుట్టినప్పుడు వాటిని చూస్తే నక్క పిల్లలని ఎవరూ అనుకోరు, కళ్లు తెరవవు, చెవులు వినిపించవు, ఒళ్లంతా ముదురు చాక్లెట్ రంగు. ఒంటి వేడిని తామే నిలుపుకోలేవు కాబట్టి మొదటి రెండు మూడు వారాలు తల్లి వాటిని వదిలి పెద్దగా కదలదు, తిండి మోసుకొచ్చే పని తండ్రిది. కొన్ని కుటుంబాల్లో కిందటేడు పుట్టిన ఆడనక్క కూడా ఇంట్లోనే ఉండిపోయి చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ తిండి తెచ్చిపెడుతుంది. నాలుగు వారాలకు బయటికొస్తాయి, అప్పటిదాకా నీలంగా ఉన్న కళ్లు తేనె రంగుకు తిరగడం మొదలవుతుంది, ఆ తర్వాత మీ లాన్ మీద చెప్పులు, బంతులు, పిల్లల గ్లవ్స్ ఏవీ దక్కవు.

వద్దనుకుంటే ఏదైనా చేయాల్సింది ఇప్పుడే, పిల్లలు పుట్టకముందు. ఆ గోతిలో పాత న్యూస్‌పేపర్లు వదులుగా కుక్కి రెండు మూడు రోజులు చూడండి. కదలకుండా ఉంటే లోపల ఎవరూ లేనట్టు, అప్పుడు గట్టి ఇనుప మెష్‌తో మూసేయండి, మెష్ అంచు నేలలోకి ఒక అడుగు దిగాలి. పేపర్లు బయటికి లాగేసి ఉంటే మాత్రం మూయకండి. పిల్లలు పుట్టేశాక తెలిస్తే జూన్ దాకా ఓర్చుకోవడమే, ఆ తర్వాత అవే ఖాళీ చేస్తాయి. బొరియతో వాటికి పని పిల్లలున్నన్నాళ్లే, మిగతా ఏడాదంతా పొదల్లోనో షెడ్ పైకప్పు మీదో తోకతో ముక్కు కప్పుకుని పడుకుంటాయి. కౌన్సిల్ వాళ్లొచ్చి పట్టుకుపోతారని మాత్రం ఎదురుచూడకండి, మామూలుగా అది వాళ్ల పని కాదు.

పిల్లల సంగతికొస్తే, బ్రిటన్‌లో నేలమీది జంతువుల్లో రేబిస్ లేదు, అది పెద్ద ఊరట. నక్క మనిషిని కరవడం చాలా అరుదు, కానీ అసలు జరగలేదని అనలేం. ఎండాకాలంలో కింది గది తలుపులు బార్లా తెరిచి పసిపాపను ఒక్కదాన్నే పడుకోబెట్టకండి, ఆ జాగ్రత్త చాలు. కుందేళ్లు, గినీపిగ్‌లు పెంచుతుంటే భయం వాటికే.

అన్నట్టు, ఇవి లండన్‌కు కొత్తగా వలసొచ్చినవేం కావు. 1930లలో ఊరు చుట్టూ జంట ఇళ్లు, వెనక పొడవాటి తోటలు వెలిసినప్పుడు, ఊరే నక్కల దాకా వెళ్లింది. తిండి దొరికే చోట వాటికి సిగ్గు లేదు. 2011లో షార్డ్ అనే ఆకాశహర్మ్యం ఇంకా కడుతుండగానే 72వ అంతస్తులో ఒక నక్క దొరికింది, మెట్ల దారిన ఎక్కి, కూలీలు వదిలేసిన తిండి తింటూ అక్కడే కాపురం పెట్టింది. దానికి రోమియో అని పేరు పెట్టి, కడుపు నింపి, మళ్లీ కిందికి తెచ్చి వదిలారు.

ప్రశ్న: మాది నంద్యాల జిల్లా. మా పొలాల్లో కనిపించేది ఎర్రగానే ఉంటుంది. అది మీరు ఫొటో వేసిన ఎర్రనక్కేనా?

జవాబు: కాదు. ఈసారి కనిపిస్తే ఒళ్లు చూడకండి, తోక కొస చూడండి. ఎర్రనక్క తోక కొస తెల్లగా ఉంటుంది, మన గుంటనక్కకు నల్లగా ఉంటుంది. మీ రోళ్లపాడు గడ్డి మైదానాల వైపు తిరిగేది గుంటనక్క, మూడు కిలోలు అటూ ఇటూ తూగే సన్నటి జీవి. ఊరి బయట సాయంత్రం ఊళవేసేది ఇంకోటి, మనం మామూలుగా నక్క అనేది, ఇంగ్లిష్‌లో జాకల్, అది తోడేలుకూ కుక్కకూ దగ్గరి చుట్టం, గుంటనక్క కన్నా రెండు మూడు రెట్లు బరువు. ఎర్రనక్క మన దేశంలో ఉంది గానీ దక్షిణాదిలో లేదు. రాజస్థాన్, కచ్ ఎడారుల్లో లేత రంగుది, కశ్మీర్ నుంచి లద్దాఖ్ మీదుగా హిమాలయాల్లో దట్టమైన బొచ్చుది. రెండింటికీ తోక కొస తెలుపే.

ప్రశ్న: మిన్నియాపొలిస్‌లో మా ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో మంచు మోకాలి లోతు. అక్కడొక నక్క చాలాసేపు కదలకుండా నిలబడి, తల అటూ ఇటూ వంచి, ఒక్కసారి గాల్లోకి ఎగిరి తలకిందులుగా మంచులోకి దూకింది. నడుము దాకా లోపల, కాళ్లు పైకి. బయటికి తీసేసరికి నోట్లో ఎలుక. పైన ఏమీ కనిపించదు కదా, ఎలా తెలిసింది దానికి?

జవాబు: నక్కతోక తొక్కి ఉంటారు, అంత దగ్గర నుంచి చూడటం చాలామందికి జరగదు.

వినిపించింది, అంతే. మంచు కింద, నేలకూ మంచుకూ మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది, వోల్ అనే పొట్టితోక ఎలుకలు చలికాలమంతా అందులోనే దారులు చేసుకుని గడ్డి కొరుక్కుంటూ బతుకుతాయి. పైన చలిగాలి కొడుతున్నా లోపల వాటికి వెచ్చగానే ఉంటుంది, గద్దకు కనిపించవు, అన్నీ బాగానే ఉన్నాయి, చప్పుడొక్కటే దాచుకోలేవు. చప్పుడు ఎంత కీచుగా ఉందో కిలోహెర్ట్జ్‌లలో కొలుస్తారు, మనిషి చెవికి 20తో సరి, ఎర్రనక్క సుమారు 48 దాకా వింటుంది, అయితే దాని చెవి అన్నిటికన్నా చురుగ్గా ఉండేది 4 కిలోహెర్ట్జ్ దగ్గర. ఎండుటాకుల గరగర, గడ్డి కొరికే చప్పుడు లాంటివాటికి అది బాగా పనికొస్తుంది.

మీరు చూసిన తల వంచడం చోద్యం కోసం కాదు. చప్పుడు ఒక చెవికి ముందు, రెండో చెవికి రవ్వంత ఆలస్యంగా చేరుతుంది, ఆ తేడాను బట్టి కుడో ఎడమో తెలుస్తుంది. పైనా కిందా, దగ్గరా దూరం తేలాలంటే చెవుల కోణం మార్చి మళ్లీ వినాలి. అందుకే తల ఇటు, తల అటు, ఒక అడుగు వెనక్కి, మళ్లీ వినడం. ఖాయమయ్యాక వెనక కాళ్ల మీద బరువంతా వేసి లేస్తుంది, తోకతో గాల్లో దారి సరిచేసుకుంటుంది, ముందరి పాదాలూ ముక్కూ కలిపి దిగుతాయి. అంత ఎత్తు నుంచి ఎందుకంటే, మంచును చీల్చుకుని నేల దాకా వెళ్లాలి, ఎలుక పక్క దారిలోకి జారుకునేలోపే దాన్ని అదిమిపట్టాలి. ముఖం మొద్దుగా ఉన్న జంతువు ఆ పని చేస్తే మూతి పగులుతుంది. 2024లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు రకరకాల జంతువుల పుర్రెల నమూనాలు చేసి మంచులోకి వదిలి చూశారు, ఎర్రనక్క, ఆర్కిటిక్ నక్కల సన్నటి మూతికి తగిలే దెబ్బ పిల్లిజాతి పొట్టి మూతులకు తగిలేదాని కన్నా బాగా తక్కువని తేలింది.

ఇంతకన్నా వింత ఒకటుంది. చెక్ దేశంలో పరిశోధకులు ఎత్తైన గడ్డిలో, మంచులో నక్కల దూకుళ్లు దాదాపు 600 గమనించి 2011లో అచ్చేశారు. నక్కలు ఎక్కువగా ఈశాన్యం వైపు తిరిగే దూకాయి. అలా దూకినప్పుడు నాలుగింట మూడు వంతులు ఎలుక దొరికింది. సరిగ్గా దానికి ఎదురు దిక్కున కూడా సగానికి పైగా. మిగతా దిక్కుల్లో అయితే ఐదింట ఒకటి కూడా కష్టమే. భూమి అయస్కాంత క్షేత్రాన్ని అది దూరం కొలిచే గీతలా వాడుకుంటోందని వాళ్ల ఊహ. ఈ మాట వినగానే కొందరు నక్క కళ్లలో దిక్సూచి ఉందని రాసేస్తున్నారు, అది తొందరపాటు. లెక్కలు ఉన్నాయి, అసలు ఎలా పనిచేస్తుందన్నది ఊహగానే ఉంది. మీ ఆఫీసు వెనకది ఏ దిక్కుకు దూకిందో ఫోన్‌లో కంపాస్ పెట్టి చూసి రాయండి, సరదాగా.

మంచు లేనిచోట ఇదే చెవి ఇంకో పని చేస్తుంది. ఇంగ్లండ్‌లో వాన వెలిసిన వెచ్చటి రాత్రి వానపాములు సగం ఒళ్లు బయటపెట్టి గడ్డి మీదికొస్తాయి. నక్క పచ్చికలో చాలా నెమ్మదిగా, అడుగులో అడుగేస్తూ తిరుగుతుంది. వానపాము ఒంటి కింది సన్నటి ముళ్లు గడ్డిని గీకే చప్పుడు వింటుంది, టక్కున ముందరి పళ్లతో పట్టుకుంటుంది. పట్టుకున్నాక గట్టిగా గుంజదు, గుంజితే తెగి సగం కలుగులోనే ఉండిపోతుంది. కొంచెం బిగించి పట్టి ఆగుతుంది, లోపలి పట్టు సడలేదాకా ఉండి మెల్లగా పూర్తిగా లాగుతుంది. ఆక్స్‌ఫర్డ్ జీవశాస్త్రవేత్త డేవిడ్ మెక్‌డొనాల్డ్ రాత్రుళ్లు నక్కల వెంట తిరిగి దీన్ని వివరంగా రాశాడు. ఏళ్ల తరబడి కథల్లో ద్రాక్షపళ్లూ కాకి నోట్లో ముక్కా అంటూ మనం చెప్పుకునే జంతువు నిజానికి సగం రాత్రులు వానపాముల కోసం తల వంచుకు తిరుగుతుంటుంది.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఇల్లు కొన్నాక ముచ్చటపడి ఆరు కోళ్లు పెంచుకున్నాం. ఒక రాత్రి గూడు తలుపు గడియ వేయడం మరిచాం. తెల్లారి చూస్తే ఆరూ చచ్చి ఉన్నాయి, ఐదు అక్కడే, ఒక్కటి మాత్రం లేదు. తినడానికి చంపితే అర్థం ఉంది, ఇది ఒట్టి పగ కాదా?

జవాబు: పగ కాదు. కడుపు మంట అర్థమవుతుంది, ఆ దృశ్యం చూసినవాళ్లెవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ లెక్క వేరు.

అడవిలో నక్కకు ఒకేసారి ఆరు పక్షులు ఎప్పుడూ దొరకవు. ఒకటి దొరికేసరికి మిగతావి ఎగిరిపోతాయి, అక్కడితో వేట ముగుస్తుంది. గూట్లో అవి ఎగరలేవు, రెక్కలు కొట్టుకుంటూ దాని ముఖం ముందే తిరుగుతాయి, కదిలేదాన్ని పట్టు అనే గుణం ఆగడానికి కారణమేదీ ఎదురుగా ఉండదు. ఇది మనుషులు కట్టిన గూళ్లలోనే జరిగేది కూడా కాదు. ఇంగ్లండ్ వాయవ్య తీరాన రావెన్‌గ్లాస్ ఇసుక దిబ్బల్లో వేల కొద్దీ గల్ అనే సముద్రతీరపు పక్షులు గూళ్లు పెట్టేవి. బాగా చీకటి రాత్రుల్లో అవి నక్క వచ్చినా ఎగరక కూర్చుండిపోయేవి, అలాంటి రాత్రి తెల్లారితే చచ్చిన పక్షులు కుప్పలుగా కనిపించేవి, చాలావాటిని ముట్టనైనా ముట్టలేదు. హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త అక్కడ అడుగుజాడలు పట్టుకుని తిరిగి 1972లో దీని మీద రాసింది ఇప్పటికీ ఈ విషయంలో మొదట చదవాల్సినది.

మీ ఆరోది పోయింది దాచుకోవడానికి. వీలు దొరికితే మిగతా ఐదింటినీ ఒక్కొక్కటిగా మోసుకెళ్లేది, తెల్లారిపోయి ఉంటుంది. నక్క తిండిని ఒకేచోట పోగుపెట్టదు, ఒక్కో ముక్కకు ఒక్కో చిన్న గొయ్యి, పైన మట్టి, ఆకులు, ముక్కుతో చదును. పదుల కొద్దీ చోట్లున్నా తను పాతిపెట్టినవి చాలావరకు గుర్తుంచుకుని వెతుక్కుంటుంది. కెనడాలో డేవిడ్ హెన్రీ గమనించినది నాకు భలే నచ్చుతుంది: తవ్వి తినేశాక ఆ ఖాళీ గోతి మీద మూత్రం పోసి వెళుతుందట. తర్వాత ఎప్పుడో అటుగా వచ్చినప్పుడు మాంసం వాసన ఇంకా వస్తున్నా, ఆ గుర్తు చూసి ఇక్కడేం లేదని తవ్వే శ్రమ మానుకుంటుంది.

ఇక గూడు. సన్నటి చికెన్ మెష్‌ను నక్క పళ్లతో చించేస్తుంది, వెల్డెడ్ మెష్ వేయించండి. పైన కప్పు తప్పదు, ఆరడుగుల కంచె ఎక్కడం దానికి పెద్ద పని కాదు. కంచె చుట్టూ నేల మీద బయటి వైపుకు మెష్‌ను ఒక అడుగున్నర పరిచి మట్టి కప్పితే తవ్వబోయినప్పుడు కాలికి అదే తగులుతుంది. గడియ సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఒక్క విషయం, ఆస్ట్రేలియాలో నక్క మీద జాలిపడమని మిమ్మల్ని నేనడగను. అది అక్కడి జంతువే కాదు. 19వ శతాబ్దం మధ్యలో ఇంగ్లిష్ దొరలు గుర్రాల మీద వేటాడే సరదా కోసం ఓడల్లో తెచ్చి మీ మెల్‌బోర్న్ చుట్టుపక్కలే వదిలారు. 1870ల నాటికి విక్టోరియాలో స్థిరపడి, ఉత్తరాన ఉష్ణమండలం, టాస్మేనియా తప్ప దాదాపు ఖండమంతా పాకింది. వాసన చూసి భయపడటం తెలియని అక్కడి చిన్న జంతువులు, బిల్బీలు, బెట్టాంగ్‌లు, నంబాట్‌లు, దానికీ పెంపుడు పిల్లికీ మధ్య నలిగిపోయాయి, కొన్ని జాతులు పూర్తిగా అంతరించాయి. అక్కడి ప్రభుత్వాలు 1080 అనే విషం కలిపిన ఎరలు వేస్తాయి. ఆ విషం పశ్చిమ ఆస్ట్రేలియా మొక్కల్లో సహజంగా ఉండేదే, అక్కడి స్థానిక జంతువులు తరతరాలుగా దానికి కొంత అలవాటుపడ్డాయి, యూరప్ నుంచి వచ్చిన నక్క పడలేదు.

వీలైతే ఒకసారి వార్నాంబూల్ వెళ్లి రండి. అక్కడ మిడిల్ ఐలండ్ అనే బుల్లి దీవి ఉంది, ఆటుపోట్లు తగ్గినప్పుడు నక్కలు నడిచే దాటేసేవి. వందల్లో ఉండే చిన్న పెంగ్విన్‌లు 2005కల్లా పదికి దిగిపోయాయి. 2006లో ఒక కోళ్ల రైతు సలహా మీద మరెమ్మా జాతి కాపలా కుక్కల్ని దీవి మీద పెట్టారు, ఇటలీలో గొర్రెల్ని కాసే తెల్లటి పెద్ద కుక్కలు. పెంగ్విన్‌లు మళ్లీ పెరిగాయి. 2017లో వాతావరణం బాగోక కుక్కల్ని దీవికి తీసుకెళ్లలేని రోజుల్లో ఒక నక్క చొరబడి వందకు పైగా చంపేసింది. మీ గూట్లో జరిగిందే, ఇంకాస్త పెద్దగా.

ప్రశ్న: నేను గుంటూరులో ఏడో తరగతి. నక్క కుక్క జాతా, పిల్లి జాతా? కుక్కకూ నక్కకూ పిల్లలు పుడతాయా?

జవాబు: కుక్క కుటుంబమే నాన్నా. కానీ నీ అనుమానం ఊరికే రాలేదు, ఎర్రనక్క కంటిపాప పిల్లి కంటిపాపలాగే వెలుతుర్లో నిలువు గీతలా సన్నబడుతుంది, మీసాలు పొడుగు, పొంచి దూకే తీరూ అదే. రెండూ చీకట్లో ఒక్కతే తిరిగి చిన్న ఎలుకల్ని పట్టాల్సినవి, ఒకే పని చేస్తే పనిముట్లు కూడా ఒకేలా తయారవుతాయి. తోడేలులా గుంపుగా వేటాడే పని దానికి లేదు.

పిల్లల సంగతి: కుక్కకు క్రోమోజోములు 78, ఎర్రనక్కకు 34 చుట్టూ. ఆ రెండింటికీ పిల్లలు పుట్టవు. 2021లో బ్రెజిల్‌లో కారు గుద్దిన ఒక జంతువును పరీక్షిస్తే కుక్కకూ "పంపాస్ నక్క"కూ పుట్టినదని తేలింది, యూట్యూబ్‌లో చూసే ఉంటావు. ఆ పంపాస్ నక్క పేరుకే నక్క, ఎర్రనక్క వంశం కాదు, దానికి 74 క్రోమోజోములు. మీ సైన్స్ మేడమ్‌కు ఈ ముక్క చెప్పు.

ప్రశ్న: ఇన్‌స్టాలో ఒకావిడ ఎర్రనక్కను సోఫా మీద పెట్టుకుని ఆడిస్తోంది. రష్యాలో పెంపుడు నక్కలు అమ్ముతారని విన్నాను. రాజమండ్రికి తెప్పించుకోవాలంటే ఎంతవుతుంది?

జవాబు: ఎంతయినా వద్దు. మన దేశంలో నక్కలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, పట్టి పెంచితే కేసు. బయటి నుంచి తెప్పించే మాట అంటారా, ఆ లైసెన్సుల చుట్టూ తిరిగేసరికి మీ సరదా తీరిపోతుంది.

రష్యా కథ మాత్రం నిజమే. 1959లో నోవోసిబిర్స్క్‌లో ద్మిత్రి బెల్యాయెవ్ అనే జన్యుశాస్త్రవేత్త బొచ్చు కోసం పెంచే ఫారాల నుంచి వెండినక్కల్ని తెచ్చాడు. వెండినక్క అంటే వేరే జాతి కాదు, ఎర్రనక్కలోనే నల్ల రంగుది. ప్రతి తరంలోనూ మనిషిని చూసి తక్కువ బెదిరే కొన్నింటినే ఎంచి వాటికే పిల్లల్ని పుట్టించాడు, రంగూ రూపూ ఏదీ చూడలేదు. కొన్ని తరాలకే తోక ఊపేవి, చేయి నాకేవి, మనిషి వెళ్లిపోతే కూసేవి వచ్చాయి. వాటితోపాటే కొన్నింటికి వాలిన చెవులు, తెల్ల మచ్చలు, ముడిచిన తోకలు. 1985లో ఆయన పోయాక లూద్మిలా త్రూత్ దశాబ్దాల పాటు కొనసాగించింది. ఆ ఫారం నక్కల పూర్వీకులు కెనడా ఫారాల నుంచి వచ్చినవి కాబట్టి సగం మెత్తబడటం అక్కడే మొదలైందని ఈ మధ్య కొందరు వాదిస్తున్నారు, అందులోనూ పస ఉంది.

ఇంత చేసినా అది కుక్క కాలేదు. తోక మొదట్లో ఒక వాసన గ్రంథి ఉంటుంది, మూత్రం కంపు ఇల్లంతా పట్టేస్తుంది, సోఫాను తన పొలంలా భావించి గుర్తు పెట్టుకుంటూ పోతుంది, తిండిని మీ పరుపులో దాస్తుంది. ఇన్‌స్టా వీడియోలో వాసన రాదు కదా. వీధికుక్క పిల్లను తెచ్చుకోండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి బైకుల మీద లద్దాఖ్ వెళ్లాం. దారిలో ఒక ఎర్రనక్క బండి దగ్గరికే వచ్చింది, బిస్కెట్లు వేశాం, ఒకడు చేత్తో పెట్టబోతే పళ్లు తగిలి కొంచెం గీరుకుంది. పది రోజులైంది, ఏం కాలేదు. పర్లేదు కదా?

జవాబు: పర్లేదు కాదు, ఈ పేజీ పక్కన పడేసి అతన్ని ఇవాళే ఆసుపత్రికి పంపండి. చర్మం గీరుకున్నా రేబిస్ టీకా కోర్సు మొదలుపెట్టాలి, రక్తం వచ్చి ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే పనిచేసే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా కావాలా అని డాక్టర్‌ని అడగాలి. పది రోజులు ఏం కాలేదంటే ఏం కాదని కాదు, లక్షణాలు వారాలకూ నెలలకూ బయటపడతాయి, బయటపడ్డాక ఎవరూ చేయగలిగింది లేదు. కుక్కనైతే పది రోజులు కనిపెట్టి చూస్తారు, మీ నక్క ఎక్కడుందో ఎవరికి తెలుసు? ఇంకెప్పుడైనా ఇలా జరిగితే ముందు సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి.

అడవి నక్క భయం లేకుండా దగ్గరికి వచ్చిందంటే రెండే కారణాలు. మీలాంటివాళ్లు ఇదివరకే బిస్కెట్లు వేసి అలవాటు చేసి ఉంటారు, లేదా దానికి జబ్బు. మొదటిదే అయినా దానికి మేలేం లేదు, బండ్లకు అలవాటుపడిన నక్క ఎక్కువగా బండి కిందే పోతుంది, పైగా తిండి పడేచోట వీధికుక్కలు చేరతాయి, లద్దాఖ్‌లో ఇప్పటికే అదో పెద్ద గొడవ.

నక్కల రేబిస్‌ను యూరప్ ఎలా వదిలించుకుందో వింటే ముచ్చటేస్తుంది. ఎన్ని నక్కల్ని కాల్చినా తగ్గలేదు, ఖాళీ అయిన చోటికి పక్కవి వచ్చేవి, వ్యాధిని మోసుకుని. 1978లో స్విట్జర్లాండ్ వాళ్లు కోడి తలకాయల్లో టీకా పెట్టి రోన్ లోయలో వేశారు. నక్కలు తిన్నాయి, వ్యాధి అక్కడ ఆగిపోయింది. తర్వాత విమానాల నుంచి ఎరలు జల్లారు, ఒక్కో దేశం బయటపడుతూ వచ్చింది, జర్మనీ 2008లో.

ప్రశ్న: బ్రిటన్‌లో గుర్రాల మీద నక్కల వేట నిషేధించారని చదివాను. మా బర్మింగ్‌హామ్ దగ్గర పల్లెల్లో క్రిస్మస్ మర్నాడు ఎర్రకోట్లు, వేటకుక్కలు కనిపించాయే?

జవాబు: నిషేధం నిజమే, 2004 చట్టం, ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఫిబ్రవరి నుంచి అమలు. స్కాట్లండ్ 2002లోనే ఆ పని చేసింది. ఉత్తర ఐర్లండ్‌లో లేదు. మీరు చూసింది "ట్రెయిల్ హంటింగ్", ముందుగా నేల మీద వాసన పూసి కుక్కల్ని దాని వెంట పరిగెత్తించడం. మధ్యలో నిజం నక్క తగిలితే కుక్కలు దాన్నే పట్టుకుంటాయి, అది అనుకోకుండా జరిగిందని వేటగాళ్లంటారు, కావాలనే అంటారు ఎదుటివాళ్లు. 2024 ఎన్నికల మేనిఫెస్టోలో లేబర్ పార్టీ దీన్నీ ఆపేస్తామంది. నక్కను తుపాకీతో కాల్చడం మాత్రం షరతుల మీద చట్టబద్ధమే, చాలామంది ఈ ముక్క మరిచిపోతారు. నక్కల సంఖ్యను ఈ వేటలు పెద్దగా మార్చిందీ లేదు. బ్రిస్టల్‌లో 1994లో గజ్జి వచ్చి రెండేళ్లలో నూటికి 95కు పైగా తుడిచిపెట్టేసింది, ఏ వేటకుక్కల మందా ఆ దరిదాపులకు రాలేదు.

ప్రశ్న: మా ఊరికి వచ్చిన ఒకతను "నక్క కొమ్ము" అని వెంట్రుకల మధ్య చిన్న కొమ్మున్న తోలుముక్క చూపించి, బీరువాలో పెట్టుకుంటే కలిసొస్తుందని ఎనిమిది వేలు అడిగాడు. ఎర్రనక్కకు కొమ్ముంటుందా?

జవాబు: ఎర్రనక్కకు లేదు, గుంటనక్కకు లేదు, నక్కకు లేదు. వేరే జంతువు తోలు ముక్కకు గోరో ఎముకో అతికించి అమ్ముతుంటారు. ఒకవేళ అది నిజంగా నక్క పుర్రె తోలే అయితే మీకు ఇంకా కష్టం, కొన్నవాడి మీద కూడా కేసు పడుతుంది. అతను మళ్లీ వస్తే బేరమాడుతూ కూర్చోబెట్టి దగ్గర్లోని అటవీశాఖ రేంజి ఆఫీసుకు కబురు పెట్టండి.